ఆది బట్ట అక్కర్లేని కుర్తీ: సొంత కొలతలతో పేపర్ కటింగు గీసుకునే విధానం

చెన్నైలో ఏ టైలరు దగ్గరికి వెళ్ళినా మొదట అడిగేది ‘అళవు జాకెట్టు’ తెచ్చారా అని. మనం ఆది జాకెట్టు అంటామే, అదే. కుర్తీకైనా ఇదే పద్ధతి. ఒంటికి సరిపోతున్న పాత కుర్తీని ఆదిగా ఇస్తే, దాన్ని కొత్త గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దగీత గీసి కత్తిరిస్తారు. ఇందులో ఉన్న చిక్కేమిటంటే, ఆది బట్టలోని తప్పు కూడా కొలతలతో పాటే కొత్త బట్టలోకి దిగిపోతుంది. నా కుర్తీలన్నిటికీ భుజం కింద, చంక వైపుగా ఒక వాలు మడత ఏళ్ళ తరబడి పడుతూ ఉండేది. అది కుట్టులో లోపమనుకుని ప్రతిసారీ సరిపెట్టుకున్నాను. నా భుజాల వాలు అందరికీ వేసే ముప్పావు అంగుళం కాదని, ఒక అంగుళమని, నేను స్వయంగా కాగితం మీద గీసుకుని ఒంటి మీద సరిచూసుకున్న రోజున గాని తెలియలేదు.

చేతులు అతికి, పక్కల్లో కట్స్ ఉండే సాదా కుర్తీకి పేపర్ కటింగు తయారు చేసుకునే పద్ధతి ఇక్కడ వివరిస్తున్నాను. తిన్నగా కుట్టడం, అంచు మడవడం వచ్చినవారికి ఇది చాలు. చాలామంది జాకెట్టుతో మొదలుపెడతారు గాని, నన్నడిగితే అది రెండో మెట్టు. జాకెట్టు ఒంటిని పట్టి ఉండాలి కాబట్టి అర అంగుళం తేడా వచ్చినా బయటపడుతుంది. కుర్తీలో నాలుగు అంగుళాల లూజు ఉంటుంది గనుక అది మన తప్పులను కొంతవరకు భరిస్తుంది.

సామాన్లు

పెద్ద బ్రౌన్ పేపరు షీట్లు, టేపు, 24 అంగుళాల స్కేలు, మూలమట్టం, పెన్సిలు, సెల్లోటేపు, కాగితానికి విడిగా ఒక కత్తెర ఉంటే పని మొదలుపెట్టవచ్చు. గుడ్డ కత్తిరించే కత్తెరతో కాగితం కత్తిరిస్తే దాని పదును పోతుంది. పాత న్యూస్ పేపర్లు అతికించి కూడా గీయవచ్చు, కాకపోతే సిరా చేతికి, ఆపైన గుడ్డకు అంటుతుంది. వంపులు గీయడానికి ఫ్రెంచ్ కర్వ్ ఉంటే మంచిదే, లేకపోతే అన్నం తినే కంచం అంచు కూడా పనికొస్తుంది.

టేపును మాత్రం ఒకసారి స్టీలు స్కేలు పక్కన పెట్టి పరీక్షించండి. ఏళ్ళు వాడిన టేపు సాగి, 12 అంగుళాల దగ్గరే తేడా చూపించవచ్చు. ఇంకో మాట. 1956 నాటి తూనికలు, కొలతల చట్టంతో దేశంలో మెట్రిక్ పద్ధతి వచ్చాక గుడ్డను మీటర్లలోనే కొంటున్నాం గాని, కుట్టడం మాత్రం నేటికీ అంగుళాల్లోనే సాగుతోంది. ఈ లెక్కలన్నీ అంగుళాల్లోనే ఇస్తున్నాను. గుడ్డ కొనేటప్పుడు మీటరుకు దాదాపు 39.4 అంగుళాలని గుర్తుంచుకుంటే చాలు.

కొలతలు తీసుకోవడం

ఎవరి కొలతలు వారే తీసుకుంటే సరిగ్గా రావు. చేతులు ఎత్తగానే భుజం కదులుతుంది, వంగి టేపు చూసేసరికి నడుము మారుతుంది. ఇంట్లో అక్కనో వదిననో సాయం అడగండి. కుర్తీ కింద మామూలుగా వేసుకునే లోదుస్తుల మీదే కొలవాలి. నడుముకు ఒక నాడా కట్టి అటూ ఇటూ నాలుగుసార్లు వంగితే, అది ఎక్కడ కుదురుకుంటుందో అదే నడుము. మెడలో సన్నటి గొలుసు వేసుకుంటే, అది మెడ పక్కన భుజం మీద ఆనేచోటు మనకు పొడవులన్నిటికీ మొదలు. దాన్ని ఇకపై ‘మెడ పక్క’ అంటాను.

ఉదాహరణకు ఒకరి కొలతలు ఇలా ఉన్నాయనుకుందాం:

ఛాతీ 36, నడుము 31, హిప్ 39
భుజం ఈ చివర నుంచి ఆ చివరకు 14
మెడ పక్క నుంచి వెనకగా నడుము నాడా వరకు 15
మెడ పక్క నుంచి ముందుగా, ఛాతీ మీదుగా నడుము నాడా వరకు 16
మెడ పక్క నుంచి డాట్ పాయింట్ (ఛాతీ మీద బాగా ఎత్తుగా ఉండే చోటు) వరకు 10, రెండు డాట్ పాయింట్ల మధ్య 7.5
నడుము నుంచి హిప్ వరకు 7
కుర్తీ పొడవు 42
చేతి పొడవు 16, జబ్బ చుట్టు 11.5

వెనక 15, ముందు 16 అనే ఆ రెండు కొలతలను చాలామంది టైలర్లు తీసుకోరు. ఛాతీ ఎత్తు వల్ల ముందు వైపు గుడ్డ ఎక్కువ దూరం ప్రయాణించాలి. ఆ ఒక్క అంగుళాన్ని పట్టించుకోకపోతే కుర్తీ ముందు అంచు పైకి లేచిపోయి, పక్కల నుంచి ఛాతీ వైపు ముడతలు లాగుతాయి.

వెనక ముక్క

కాగితం నిలువు అంచును వీపు మధ్య గీతగా తీసుకోండి. గుడ్డలో ఇది మడత మీద పడుతుంది కాబట్టి మనం సగమే గీస్తున్నాం. పై మూలను మొదలుగా పెట్టుకుని, అక్కడి నుంచి కిందికి 7.5 దగ్గర ఛాతీ గీత, 15 దగ్గర నడుము గీత, 22 దగ్గర హిప్ గీత, 42 దగ్గర అంచు గీత, మూలమట్టం పెట్టి అడ్డంగా గీయండి.

ఆ 7.5 ఎక్కడిదంటే, ఛాతీలో ఆరో వంతుకు ఒకటిన్నర కలిపాను. ఛాతీలో నాలుగో వంతు నుంచి ఒకటిన్నర తీసివేసే లెక్క కూడా ఒకటి వాడుకలో ఉంది. 36 ఛాతీకి రెండూ ఒకటే చెబుతాయి. కానీ 44 ఛాతీకి రెండో లెక్క 9.5 అంటుంది, మొదటిది 8.8 దగ్గరే ఆగుతుంది. మనిషి లావైనంత మాత్రాన చంక అదే నిష్పత్తిలో కిందికి దిగదు కాబట్టి నేను మొదటి లెక్కనే వాడతాను.

ఇప్పుడు అడ్డం కొలతలు. ఛాతీకి 4 అంగుళాల లూజు కలిపితే 40, అందులో నాలుగో వంతు 10. అలాగే నడుముకు 8.75, హిప్‌కు 10.75. అంచు దగ్గర హిప్ కన్నా అర అంగుళం ఎక్కువగా 11.25 పెట్టండి. ఆయా గీతల మీద ఈ బిందువులను గుర్తించి, నడుము దగ్గర కోణం రాకుండా మెత్తటి వంపుతో కలపండి. చల్లటి ఊళ్ళలో మూడు అంగుళాల లూజుతో సరిపెట్టుకోవచ్చు గాని, మే నెలలో చెన్నై ఉక్కపోత తెలిసినవారెవరూ నాలుగుకు తగ్గించరు.

పై గీత మీద మధ్య నుంచి 3 అంగుళాల దగ్గర మెడ వెడల్పు, 7 దగ్గర భుజం. ఆ 7 దగ్గర నుంచి ముప్పావు అంగుళం కిందికి దిగి, అక్కడికి మెడ బిందువు నుంచి ఏటవాలు గీత కలిపితే అదే భుజం గీత. వెనక మెడ లోతు 3 పెట్టి గుండ్రంగా కలపండి.

చంకకు, భుజం చివర నుంచి ఛాతీ గీత వరకు నిలువు గీత దించండి. దాని సగం ఎత్తులో మధ్య గీత వైపు పావు అంగుళం లోపలికి జరగండి. కింద మూలలో, నిలువు గీత ఛాతీ గీతను తాకేచోట, ఐమూలగా బయటికి 1.25 అంగుళాల దూరంలో ఒక చుక్క పెట్టండి. భుజం చివర, లోపలి చుక్క, ఐమూల చుక్క, ఛాతీ గీత చివర, ఈ నాలుగింటినీ కలుపుతూ ఒకే ఊపులో వంపు గీయాలి. వంపు చివర ఛాతీ గీతను తాకేముందు కొంచెం దూరం దాదాపు అడ్డంగా సాగాలి, లేకపోతే రెండు ముక్కలు అతికాక చంక కింద ముక్కు లాగా పొడుచుకొస్తుంది.

ముందు ముక్క, డాట్

వెనక ముక్కను మరో కాగితం మీద పెట్టి ఛాతీ గీత వరకు యథాతథంగా దించుకోండి. అక్కడి నుంచి కింది గీతలన్నీ ఒక్కో అంగుళం కిందికి జరుగుతాయి: నడుము 16, హిప్ 23, అంచు 43. అడ్డం కొలతలు మారవు. చంక దగ్గర మాత్రం ముందు వైపు ఎక్కువ లోతు కావాలి. పావు అంగుళానికి బదులు ముప్పావు లోపలికి జరిగి, ఐమూల చుక్కను ఒక అంగుళం దగ్గర పెట్టండి.

ముందు మెడ లోతు 6. ఇక్కడ ఆగి ఒక లెక్క చూసుకోవాలి. ముందు, వెనక మెడ వంపులను కొలిచి కూడి, రెండింతలు చేస్తే మెడ మొత్తం రౌండు వస్తుంది. మన ఉదాహరణలో అది దాదాపు 24. తల చుట్టు కన్నా అది తక్కువగా ఉంటే కుర్తీ తలలోంచి దూరదు, అప్పుడు ముందు చీలిక పెట్టి పట్టీ వేయాల్సిందే. ఈ సంగతి నాకు పైపింగు వేసి, హెమ్మింగు కూడా పూర్తి చేశాక తెలిసింది.

ఇప్పుడు ముందు ముక్క పక్క గీత, వెనక దానికన్నా ఒక అంగుళం పొడవుగా ఉంది. ఆ అంగుళాన్నే డాట్, అంటే పక్క నుంచి ఛాతీ వైపు సన్నబడుతూ మడిచి కుట్టే కుట్టు, మింగేయాలి. మధ్య నుంచి 3.75 దూరంలో, పై గీత నుంచి 10 కిందికి డాట్ పాయింట్ గుర్తించండి. పక్క గీత మీద దాదాపు 11 లోతులో, పైకి అర, కిందికి అర, మొత్తం అంగుళం వెడల్పు పెట్టి, ఆ రెండు చుక్కలను డాట్ పాయింట్ వైపు గీతలతో కలపండి. కుట్టు మాత్రం డాట్ పాయింట్‌కు ఒక అంగుళం ముందే ఆగాలి. సరిగ్గా పాయింట్ దాకా కుడితే అక్కడ గుడ్డ మొనదేలి కనబడుతుంది.

డాట్ గీశాక కత్తెర పట్టేముందు ఒక చిన్న పని చేయాలి. పక్కన కుట్లకు కావలసిన కాగితం వదిలి ఉంచి, డాట్‌ను కుట్టినట్టే కాగితం మీద మడవండి, మడత కిందికి వాలాలి. మడత అలా ఉండగానే పక్క గీత వెంట కాగితాన్ని కత్తిరించి, మడత విప్పి చూస్తే, డాట్ నోటి దగ్గర చిన్న గద్ద ముక్కు ఆకారం మిగులుతుంది. ఆ ముక్కు లేకుండా తిన్నగా కత్తిరించిన గుడ్డలో డాట్ కుట్టాక అంచు పక్క కుట్టుకు అందదు.

చెయ్యి

కొత్తగా గీసేవారు ఎక్కువగా భయపడేది ఈ ముక్కకే. నిజానికి రెండు కొలతల మధ్య రాజీ కుదిర్చితే పని అయిపోతుంది.

టేపును నిలబెట్టి, దాని అంచు వంపు వెంట తిరిగేలా, ముందు, వెనక చంకలను కుట్టు గీత మీద కొలవండి. మన ఉదాహరణలో రెండూ కలిపి 17.25 దరిదాపుల్లో వస్తుంది. జబ్బ చుట్టు 11.5కు 3 కలిపితే 14.5, అది చెయ్యి వెడల్పు. కాగితం మీద 14.5 పొడవున అడ్డగీత గీసి, మధ్యలో నుంచి నిలువు గీత పైకీ కిందికీ తీయండి. స్కేలు సున్నాను అడ్డగీత ఒక చివర పెట్టి, 8.5 అంకె నిలువు గీతను ఎక్కడ తాకుతుందో చూసి చుక్క పెట్టండి. 8.5 అంటే చంక రౌండులో సగం కన్నా కాస్త తక్కువ. ఆ చుక్క అడ్డగీతకు దాదాపు 4.5 అంగుళాల ఎత్తున పడుతుంది. అదే చెయ్యి పై వంపు శిఖరం.

శిఖరం నుంచి రెండు చివరలకు ఏటవాలు గీతలు గీసి, ఒక్కోదాన్ని సగానికి భాగించండి. పై సగాల్లో గీత నుంచి ముప్పావు అంగుళం బయటికి ఉబ్బించండి. కింది సగాన్ని ముందు వైపు అర అంగుళం, వెనక వైపు పావు అంగుళం లోపలికి లోతు చేయండి. వంపు పూర్తయ్యాక కొలిస్తే అది చంక రౌండు కన్నా అర నుంచి ముప్పావు అంగుళం ఎక్కువ ఉండాలి. ఆ మిగులును భుజం దగ్గర సర్ది కుడితే చెయ్యి భుజం మీద గుండ్రంగా కూర్చుంటుంది. అంతకన్నా ఎక్కువైతే కుచ్చులు పడతాయి, తక్కువైతే భుజం పట్టేస్తుంది. శిఖరం నుంచి 16 దగ్గర చేతి అంచు గీయండి.

ముందు వైపు వంపు మీద ఒక గాటు, వెనక వైపు రెండు గాట్లు ఇప్పుడే గుర్తు పెట్టండి. రెండు చేతులను విడివిడిగా కత్తిరించేటప్పుడు కాగితాన్ని బోర్లించడం మరిచి, అచ్చు వేసిన గుడ్డలో రెండూ ఎడమ చేతులే తయారు చేసుకున్న అనుభవం నాకుంది. పోచంపల్లి ఇక్కత్ లాంటి గుడ్డకు రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి తిప్పేసి బయటపడవచ్చు, అచ్చు గుడ్డకు ఆ వీలు లేదు.

కుట్లకు వదలడం

ఇంతవరకు గీసినదంతా కుట్టు గీత. దాని చుట్టూ పక్కల్లో, చేతి పక్క కుట్టులో ఒక్కో అంగుళం, భుజానికి, చంకకు అర, పైపింగు వేసే మెడకు పావు, కింది అంచుకు 1.5 వదలాలి. పక్కన అంగుళం వదలడం వృథా కాదు, రేపు విప్పి లూజు చేసుకోవడానికి అదే ఆధారం. పక్క కట్స్ హిప్ గీత దగ్గర మొదలవుతాయి. అంతకు కిందికి దించితే కూర్చున్నప్పుడు కుట్టు లాగుతుంది.

కోరా గుడ్డతో పరీక్ష

మంచి గుడ్డ మీద కత్తెర పెట్టకముందు పాత దుప్పటితోనో, చవకగా దొరికే కోరా గుడ్డతోనో ఒకటి కుట్టి చూడాలి. జార్జిటౌన్‌లోని గోడౌన్ వీధి హోల్‌సేల్ దుకాణాల వైపు వెళితే, లేదా ఆడి మాసపు తగ్గింపు అమ్మకాల్లో టి.నగర్ రద్దీని తట్టుకోగలిగితే, ఇలాంటి గుడ్డ రెండు మూడు మీటర్లు కొని ఉంచుకోండి. పెద్ద కుట్లతో కుట్టి, అంచులు మడవకుండా వేసుకుని, అద్దం ముందు ఊరికే నిలబడకుండా కూర్చుని, చేతులెత్తి, అటక మీద డబ్బా అందుకున్నట్టు చాచి చూడండి.

ముడతలు మాట్లాడతాయి. బిగుతు వల్ల వచ్చే ముడత గీతలా తిన్నగా ఉండి, బిగుసుకున్న చోటు వైపు చూపిస్తుంది. గుడ్డ ఎక్కువైతే వచ్చేది మెత్తటి మడతలా వేలాడుతుంది. పక్క నుంచి డాట్ పాయింట్ వైపు గీతలు లాగుతుంటే డాట్ చాలలేదని అర్థం. ముందు ముక్క పొడవును, డాట్ వెడల్పును సమానంగా పెంచండి. మెడ పక్క నుంచి చంక వైపు మెత్తటి మడత వేలాడితే, నాకు లాగే, భుజం వాలు ఎక్కువన్నమాట. ఆ మడతను భుజం చివర కుట్టు దగ్గర గుండుసూదితో పట్టి, ఎంత పట్టామో కొలిచి, కాగితం మీద భుజం చివరను అంత కిందికి దించాలి. చంక అడుగును కూడా అంతే దించకపోతే చంక రౌండు తగ్గి చెయ్యి అతకదు.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు చేతి దగ్గర. చెయ్యి ఎత్తితే కుర్తీ మొత్తం పైకి లేస్తోందని చెప్పగానే, టైలర్లు చంకను ఇంకా కిందికి కోస్తారు. అలా కోసినకొద్దీ బాధ పెరుగుతుందే గాని తగ్గదు. చంక ఎంత కిందికి దిగితే చెయ్యి కదలిక అంత పక్క కుట్టుకు ముడిపడిపోతుంది. చేయాల్సింది దానికి సరిగ్గా ఎదురు: చంకను అర అంగుళం పైకి తెచ్చి, చెయ్యి వెడల్పును ఒక అంగుళం పెంచి, శిఖరం ఎత్తు తగ్గించాలి. పైన చెప్పిన స్కేలు పద్ధతిలో వెడల్పు పెంచితే ఎత్తు దానంతటదే తగ్గుతుంది. చంకను కదిలించారు కాబట్టి దాని రౌండు మాత్రం మళ్ళీ కొలుచుకోండి.

ప్రతి దిద్దుబాటునూ వెంటనే కాగితం మీదికి ఎక్కించండి. గుడ్డను మాత్రం సరిచేసి కాగితాన్ని వదిలేస్తే, రెండో కుర్తీ నాటికి మళ్ళీ మొదటికొస్తారు.

అసలు గుడ్డ

నూలు గుడ్డను ముందు రాత్రి నీళ్ళలో నానబెట్టి, పిండకుండా ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి. మచిలీపట్నం కలంకారీ, మంగళగిరి నూలు వంటివాటిని విడిగా నానబెట్టండి, రంగు దిగవచ్చు. ముక్కల మీద గీసిన నిలువు గీత గుడ్డ పడుగుకు, అంటే గుడ్డ నేత అంచుకు సమాంతరంగా ఉండాలి. వాలుగా పరిస్తే రెండు ఉతుకుల తర్వాత పక్క కుట్టు ముందుకు తిరుగుతుంది.

44 అంగుళాల వెడల్పు గుడ్డలో ముందు, వెనక ముక్కలు పక్కపక్కన పట్టవు. మడత విప్పితే ఒక్కోటి 24.5 వెడల్పు ఉంటుంది. అందుకని ఒకదాని కింద ఒకటి పరచాలి. వాటి పొడవులు 45, 44 కలిపి 89, దాదాపు 2.3 మీటర్లు. పక్కన మిగిలే 19.5 అంగుళాల పట్టీలో 16.5 వెడల్పున్న చేతులు రెండూ ఒకదాని కింద ఒకటి వస్తాయి. నానబెట్టినప్పుడు కుంచించుకుపోయేది కూడా లెక్కేస్తే 2.5 మీటర్లు కొనాలి. పువ్వులన్నీ పైకి చూసే అచ్చు అయితే ముక్కలన్నిటినీ ఒకే దిక్కున పెట్టండి.

సరిచూసిన పేపర్ కటింగును మందపాటి అట్ట మీదికి దించి, ప్రతి ముక్క మీద పేరు, తేదీ, పడుగు గీత, ‘మడత మీద’ అన్న గుర్తు, కుట్లకు ఎంత వదిలారో రాసి, పైన చిల్లు పెట్టి మేకుకు తగిలించండి. అట్టను చుట్ట చుడితే ఏడాదికి గీతలు వంకరపోతాయి. నా ముందు ముక్క మీద ఇప్పుడు మూడు తేదీలు, మూడు రంగుల గీతలు ఉన్నాయి. పెన్సిలు గీత మొదటిది, నీలం గీత భుజం వాలుకు, ఎర్ర గీత నిరుడు నడుము దగ్గర కలిపిన ముప్పావు అంగుళానికి.